బాక్స్‌ఎన్ గూడ్స్ పెట్టె కిట్: ముందు చక్రాలా, ముందు రంగులా?

పెన్నాగట్టు | నెల్లూరు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఎదురుచూస్తున్న మోడల్ రైలు పెట్టె కిట్ ఈ రోజే చేతికొచ్చింది. హెచ్‌ఓ కొలత, అంటే అసలు పెట్టెలో 87వ వంతు. పెట్టె రకం బాక్స్‌ఎన్, పైకప్పు లేని బొగ్గు పెట్టె. కృష్ణపట్నం రేవులో బొగ్గు నింపుకొని, వెంకటాచలం దగ్గర మెయిన్ లైన్ ఎక్కి మా ఊరి మీదుగా పోయే పెట్టె కాబట్టి, విదేశీ బండ్ల కిట్లు ఎన్ని కనబడినా మనసు దీని మీదే ఉండిపోయింది.

డబ్బా విప్పితే రెజిన్‌తో త్రీడీ ప్రింటు చేసిన పై తొట్టి ఒకే ముక్కగా ఉంది. కింది చట్రం విడిగా ఇచ్చారు. బోగీల, అంటే పెట్టె కింద చక్రాలుండే బండ్ల, పక్క చట్రాలు నాలుగు, వాటిని కలిపే అడ్డదూలాలు రెండు, బ్రేకు సిలిండరు, గాలి గొట్టాలు, చేతి బ్రేకు చక్రం లాంటి చిన్న సామాను ఒక పొట్లంలో, నీళ్లలో నానబెట్టి అంటించే అంకెల డెకాల్ కాగితం ఒకటి. చక్రాలు లేవు, పెట్టెలను కలిపే కప్లర్లు లేవు. సూచనల కాగితం ఒక పేజీ, అందులో సగం శుభాకాంక్షలే.

తొట్టి పొడవు గోడ ఒకటి మధ్యలో కాస్త లోపలికి వంగి ఉంది. స్కేలు ఆనించి చూస్తే ఒక మి.మీ. దాకా సందు కనబడుతోంది. వేడినీళ్లలో పెడితే సరవుతుందా? చక్రాల విషయానికొస్తే, పాత బ్రిటిష్ రైలు సెట్టులోవి ఓఓ కొలత (76వ వంతు) చక్రాలు నా దగ్గర ఉన్నాయి. వ్యాసం 12.5 మి.మీ., ఆక్సిల్ (ఇరుసు) పొడవు 26 మి.మీ. వాటితో సర్దుకోవచ్చా? అన్నీ అతికించాక రంగు వేయాలా, వేశాక అతికించాలా?

---

ఒంగోలు గిత్త | ఒంగోలు | శనివారం, రాత్రి 9:30

ఫొటో లేకుండా వైద్యం అడిగితే ఎలా అన్నా? నాడి చూడకుండా మందు రాసే వాళ్లు ఈ వేదికలో చాలామంది ఉన్నారు, నాతో సహా.

---

సింగరాయకొండ స్టాప్ | సింగరాయకొండ | శనివారం, రాత్రి 10:05

వంపు తీయడం కష్టం కాదు. ముందు తొట్టి లోపలి వెడల్పుకు సరిపోయే చెక్క ముక్క ఒకటి నున్నగా చిత్రిక పట్టి పెట్టుకోండి. నీళ్లు మరగకూడదు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే చాలు. తొట్టిని అందులో ఒక నిమిషం ఉంచి తీసి, చెక్క ముక్క లోపల దూర్చి, బయట రెండు వైపులా స్టీలు స్కేళ్లు ఆనించి రబ్బరు బ్యాండ్లు వేయండి. అలాగే చన్నీళ్లలో ముంచి పూర్తిగా చల్లారాకే విప్పండి. సగం వేడిలో విప్పితే మళ్లీ మొదటికే వస్తుంది.

ఒక జాగ్రత్త. ఆరుతుంది కదా అని డాబా మీద ఎండలో పెట్టకండి. ఈ రెజిన్ గట్టిపడేదే అతినీలలోహిత కాంతితో. మన ఎండ తగిలితే ఇంకా బిగుసుకుపోయి పెళుసెక్కుతుంది, వంపు శాశ్వతమైపోతుంది. అరగదీయాల్సి వస్తే వాటర్ పేపరు తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు ఉండాలి. పొడి పొడిగా రుద్ది ఆ ధూళి పీల్చకండి.

చక్రాల గురించి నా మాట వేరు, అది తీరిగ్గా రేపు రాస్తాను. ఈలోగా ఆ 26 మి.మీ. ఆక్సిళ్లను బోగీలో బలవంతంగా దూర్చవద్దు.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | ఆదివారం, ఉదయం 5:50

నాయనా, వంపు తీసే ముందు ఒక మాట. నేను టీఎక్స్‌ఆర్‌గా, అంటే రైలు పెట్టెలు తనిఖీ చేసేవాడిగా, పనిచేసి రిటైరైన వాడిని. యార్డులో ఈ పెట్టెల కింద దూరి చూడటమే నా ఉద్యోగం. గోడ లోపలికి వంగితే అది తప్పు, తీసేయండి. బయటికి ఉబ్బితే మాత్రం ముట్టుకోకండి. ఏళ్ల తరబడి బొగ్గు బరువు గోడలను తోస్తుంది. విద్యుత్ కేంద్రాల్లో టిప్లర్ మీద పెట్టెను పెట్టెగా తిరగేసి కుమ్మరిస్తారు. అలా నలిగిన బాక్స్‌ఎన్ గోడ నిటారుగా ఉండదు. నిలువు పట్టీల మధ్య రేకు బయటికి పొంగి ఉంటుంది. పక్కనుంచి వాలుగా చూస్తే అలలు అలలుగా కనబడుతుంది.

ఇప్పుడు కొలతలు. బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కు 10,713 మి.మీ. హెడ్‌స్టాకుల, అంటే చట్రం రెండు కొసల దూలాల, మధ్య 9,784. బోగీ మధ్య నుంచి బోగీ మధ్యకు 6,524. ఒక్కో బోగీలో రెండు ఆక్సిళ్ల మధ్య దూరం 2,000. వెడల్పు 3,200. వీటిని 87తో భాగించి కిట్‌తో సరిచూసుకోండి. బోగీల మధ్య దూరం కచ్చితంగా 75 మి.మీ. రావాలి. అది తేడాగా ఉంటే తక్కినవన్నీ ఎంత ముద్దుగా ఉన్నా ఏమి లాభం?

---

పెన్నాగట్టు | నెల్లూరు | ఆదివారం, ఉదయం 8:20

పెద్దాయనా, ధన్యవాదాలు. కొలిచాను. బోగీల మధ్య 75, హెడ్‌స్టాకుల మధ్య 112.5, వెడల్పు 37కు కాస్త తక్కువ. కిట్ చేసినవారు కొలతల్లో నిజాయితీగానే ఉన్నారు. చక్రాల సంగతి కూడా మీరే తేల్చండి.

---

కావలి కుంచె | కావలి | ఆదివారం, ఉదయం 9:02

12.5 పెట్టేయండి, ఒక మి.మీ. తేడా ఎవరికి కనబడుతుంది? పెట్టె అందం రంగులో ఉంటుంది. నాకు తెలిసి మన వేదికలో సగం మంది చక్రాల దగ్గరే ఆగిపోయి రంగు డబ్బా మూత తీయకుండానే ఏళ్లు గడిపేస్తున్నారు.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | ఆదివారం, ఉదయం 9:40

అమ్మా, కనబడుతుంది. కనబడకపోయినా పట్టా ఒప్పుకోదు.

ఈ పెట్టె కొత్త చక్రం వ్యాసం 1000 మి.మీ. అరిగి అరిగి 906కు దిగితే పనికిరాదని తీసేస్తాం. అంటే హెచ్‌ఓలో 11.5 నుంచి 10.4 మధ్య ఏ చక్రం పెట్టినా రైల్వే తప్పు పట్టదు. బజారులో ఐరోపా వాళ్లవి 11 మి.మీ. దొరుకుతాయి, అమెరికా వాళ్లవి 10.5 దొరుకుతాయి. మొదటిది సగం అరిగిన చక్రం, రెండోది రేపోమాపో లేత్ మిషన్ మొహం కూడా చూడకుండా తుక్కుకు పోయే చక్రం. రెండూ న్యాయమైనవే. 12.5 అంటే అసలులో 1,087 మి.మీ. అలాంటి చక్రం ఈ బోగీలో పుట్టలేదు.

పైగా చక్రం పెద్దదైతే పెట్టె మొత్తం పైకి లేస్తుంది, చక్రం అంచు చట్రానికి రాసుకుంటుంది, కప్లర్ ఎత్తు తప్పుతుంది. పక్కనున్న పెట్టెతో కలవనప్పుడు తెలుస్తుంది ఒక మి.మీ. విలువ.

---

సింగరాయకొండ స్టాప్ | సింగరాయకొండ | ఆదివారం, ఉదయం 11:15

పెద్దాయన వ్యాసం చెప్పారు, నేను ఆక్సిల్ చెబుతాను. ఈ చక్రాల ఆక్సిల్ చివరలు సూది మొనల్లా ఉంటాయి. బోగీ పక్క చట్రం లోపలివైపు శంఖం ఆకారపు గుంటలో ఆ మొన మాత్రమే ఆనాలి. అందుకే ఊదితే తిరుగుతుంది. హెచ్‌ఓ బోగీలకు ఆక్సిల్ దాదాపు 24.5 నుంచి 25.5 మధ్య ఉంటుంది, తయారీదారును బట్టి మారుతుంది. అందులో 26 దూర్చితే పక్క చట్రాలు బయటికి విచ్చుకుంటాయి. మొన గుంటలో బిగుసుకుపోతుంది. పట్టా మీద చక్రం తిరగకుండా ఈడ్చుకుపోతుంది. రెజిన్ కాబట్టి ఒక మధ్యాహ్నం వేడికి చట్రం అలాగే ఉండిపోతుంది కూడా.

సొంతంగా సరిచూసుకోవడం తేలిక. బోగీని అతికించే ముందు చక్రాలు పెట్టి, పక్క చట్రాలను వేళ్లతో పట్టుకొని ఊదండి. చక్రం తిరిగి, ఆగే ముందు కొంచెం వెనక్కి ఊగి నిలబడితే బాగుంది. గప్పున ఆగితే బిగువు. ఆక్సిల్ అటూ ఇటూ అర మి.మీ. కన్నా ఎక్కువ జరిగితే వదులు. రెజిన్ గుంటలు త్వరగా అరుగుతాయి కనుక వీలైతే చిన్న ఇత్తడి బేరింగు కప్పులు పెట్టండి. పక్క చట్రాలు పలుచగా ఉంటే 2 మి.మీ. డ్రిల్లు చేత్తోనే తిప్పండి, మోటారు పెట్టకండి.

చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కూడా కాలిపర్‌తో చూడండి. 14.5 దగ్గర ఉండాలి. అది తగ్గితే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలే చోట, చక్రం అంచు పక్కనుండే చెక్‌రైలును ఎక్కుతుంది. బండి పడిపోయిన ప్రతిసారీ పట్టాలను తిట్టేవాళ్లు ముందు ఈ కొలత తీయాలి.

---

మార్కాపురం పలక | మార్కాపురం | ఆదివారం, మధ్యాహ్నం 1:30

బ్రాడ్‌గేజ్ పెద్దలందరికీ ఒక ప్రశ్న. మన పట్టాల వెడల్పు 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.26. మీరు నడిపేది 16.5 మీద. అది 1435 మి.మీ. గేజ్. అంటే మీ బాక్స్‌ఎన్ ఇంగ్లండు పట్టాల మీద పరుగెడుతోంది, అవునా? మా గుంటూరు–గుంతకల్ లైను మీటర్‌గేజ్‌గా ఉన్న రోజుల్లో దొనకొండ షెడ్డు ఎంత కళకళలాడేదో మా నాన్న కథలు కథలుగా చెబుతారు. ఆ 1000 మి.మీ. గేజ్‌ను హెచ్‌ఓలోకి దించితే 11.5 వస్తుంది, బజారులో దొరికే 12 మి.మీ. ట్రాకుకు అర మి.మీ. తేడా మాత్రమే. మీటర్‌గేజ్ వాళ్లమే నిజాయితీపరులం!

---

ఒంగోలు గిత్త | ఒంగోలు | ఆదివారం, మధ్యాహ్నం 1:42

మీ నిజాయితీ సరే, ఆ 12 మి.మీ. మీద నడిపేందుకు మీటర్‌గేజ్ పెట్టె కిట్ ఒక్కటి చూపించండి, చాలు.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | ఆదివారం, సాయంత్రం 4:10

పలక గారి లెక్క సరైనదే. పక్కనుంచి చూస్తే తెలియదు కానీ, పెట్టెను చివరనుంచి చూస్తే చక్రాలు లోపలికి దాక్కున్నట్టు ఉంటాయి. రెండు మి.మీ.లకు పైగా లోటు. అది నాకూ ముల్లులా గుచ్చుకుంటుంది. అయినా 19.26 కావాలంటే పట్టాలు, పాయింట్లు, ఇంజన్ల ఇరుసులు అన్నీ చేత్తో చేసుకోవాలి. ఆ పని మొదలుపెట్టినవాడు పెట్టె కట్టడు, జీవితమంతా పాయింట్లు కడతాడు. మొదటి కిట్‌కు ఆ పేచీ వద్దు.

---

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 4:30

గేజ్ చర్చకు వేరే శీర్షిక ఉంది, అక్కడ ఇప్పటికే చాలా రక్తం పారింది. ఇక్కడ కిట్ గురించే రాయండి. కిట్ అమ్మేవారి పేర్లు, ధరల మీద ఫిర్యాదులు కూడా ఇక్కడ వద్దు.

---

పెన్నాగట్టు | నెల్లూరు | బుధవారం, రాత్రి 8:45

గోడ వంపు వేడినీళ్లతో పోయింది. 11 మి.మీ. చక్రాలు తెప్పించాను, ఊదితే చక్కగా తిరుగుతున్నాయి. బోగీలు స్క్రూలతో బిగించి పట్టా మీద పెట్టాను. పెట్టె మొత్తం కలిపి 31 గ్రాములు తూగింది. ఇంజను ముందు ఉండి లాగితే బాగానే వస్తోంది. వెనకనుంచి నెడితే మాత్రం వంపులో ఎగిరి పక్కకు పడుతోంది. చదునైన అద్దం మీద పెడితే ఒక చక్రం కింద కాగితం దూరేంత సందు ఉంది. బరువు ఎంత ఉండాలి, ఎక్కడ దాచాలి?

---

సింగరాయకొండ స్టాప్ | సింగరాయకొండ | బుధవారం, రాత్రి 9:30

రెండు వేర్వేరు జబ్బులు ఇవి. మొదట సందు సంగతి. మీరు రెండు బోగీల స్క్రూలనూ ఒకేలా బిగించినట్టున్నారు. అలా చేస్తే పెట్టె కుంటి మంచంలా అవుతుంది, ఏదో ఒక మూల ఎప్పుడూ గాలిలోనే ఉంటుంది. ఒక బోగీ స్క్రూ బిగించి, అది కుడి ఎడమలకు తిరిగేలా, ముందుకూ వెనక్కూ కాస్త వాలేలా మాత్రమే ఉంచండి, పక్కలకు ఊగకూడదు. రెండో బోగీ స్క్రూను పావు చుట్టు వదులు చేస్తే అది ఎటైనా వాలుతుంది. మూడు చోట్ల ఆనిన వస్తువు ఎప్పుడూ కుదురుగా కూర్చుంటుంది, సూత్రం అంతే. స్క్రూ తనంతట తాను విప్పుకోకుండా మర మీద ఒక చుక్క గోళ్ల రంగు వేయండి.

బరువుకు అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ పెట్టిన లెక్క ఉంది. హెచ్‌ఓ పెట్టెకు మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. మీ పెట్టె 112.5 మి.మీ., అంటే 4.4 అంగుళాలు. గ్రాముల్లోకి మారిస్తే దాదాపు 90. ఇప్పుడున్నది అందులో మూడో వంతు. నెట్టినప్పుడు ఎగరక ఏం చేస్తుంది?

---

ఒంగోలు గిత్త | ఒంగోలు | బుధవారం, రాత్రి 9:50

దీనికి పరిష్కారం మా జిల్లాలో ఉంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కోసినప్పుడు రాలే నల్ల పలుకులు. బొగ్గు బదులు అవే పోయండి. నలుపుకు నలుపు, బరువుకు బరువు. బొగ్గుకన్నా రెట్టింపు పైగా తూగుతుంది.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | గురువారం, ఉదయం 6:05

అబ్బాయీ, గెలాక్సీలో బంగారు చుక్కలుంటాయి, అందుకే దానికా పేరు. బొగ్గు పెట్టెలో నక్షత్రాలు మెరిస్తే చూసేవాళ్లు నవ్వుతారు. అంతకన్నా ముఖ్యం, రెండు మి.మీ. పొర పోస్తే దానివల్ల వచ్చేది ఓ పది గ్రాములు, అదీ తొట్టి అంచు దగ్గర. బరువు పైకి పోయేకొద్దీ వంపులో పెట్టె బయటికి ఒరగడం ఎక్కువ. బరువు ఎప్పుడూ ఆక్సిల్‌కు దగ్గరగా, కిందే ఉండాలి.

బాక్స్‌ఎన్‌కు కడుపు కింద రెండు బోగీల మధ్య మంచి చోటుంది. నడిమి దూలానికి అటూ ఇటూ సీసం అతికిస్తే బ్రేకు సామాను ముందు ఉంటుంది కనుక పక్కనుంచి కనబడదు. బొగ్గు నింపిన పెట్టె చేస్తే తొట్టి అడుగున కూడా పరిచి పైన దొంగ అడుగు వేసుకోవచ్చు. కానీ నా సలహా, ఖాళీగా ఉంచండి. నెల్లూరు ఆత్మకూరు బస్టాండు ఫ్లైఓవరు మీద నిలబడి కింద పోయే ఖాళీ రేకును, అంటే పెట్టెల వరుసను, చూడండి. లోపలి రంగు చూస్తే మనసు మారుతుంది.

---

కావలి కుంచె | కావలి | గురువారం, ఉదయం 7:30

సీసానికి తిరగాల్సిన పని లేదు. జువ్వలదిన్నె వైపు వలల సామాను అమ్మే దుకాణాల్లో వలకు కట్టే సీసపు గుండ్లు తూకానికి ఇస్తారు. సుత్తితో కొట్టి రేకులా సాగదీస్తే చట్రం కింద అమరిపోతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ బల్ల మీద అన్నం తినకండి, పిల్లలకు అందనివ్వకండి.

---

సింగరాయకొండ స్టాప్ | సింగరాయకొండ | గురువారం, ఉదయం 8:00

దానికి ఒక తోక తగిలించాలి. సీసాన్ని చెక్కపనికి వాడే తెల్ల జిగురుతో అతికించవద్దు. ముఖ్యంగా మూసేసిన అరలో. ఆ జిగురు ఆరేటప్పుడు, ఆరాక కూడా, సీసంతో కలిసి తెల్లటి పొడిలా తయారై మెల్లగా ఉబ్బుతుంది. నెలలో ఏమీ కనబడదు. ఒకటి రెండేళ్లకు చట్రం పగిలిపోతుంది. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. రెజిన్ చిన్న సామానుకు సయనో జిగురు (సూపర్ గ్లూ) చాలు, ప్లాస్టిక్ మోడళ్ల సిమెంటు రెజిన్ మీద పనిచేయదు. సయనోను నేరుగా ట్యూబునుంచి కాక, గుండుసూది మొనతో చుక్క తీసి పెట్టండి. ఎక్కువైతే చుట్టూ తెల్లటి పొగ పట్టి రంగు కింద కూడా తెలుస్తుంది.

---

పెన్నాగట్టు | నెల్లూరు | ఆదివారం, సాయంత్రం 6:20

గుండ్లు తెచ్చాను, సాగదీశాను, ఎపాక్సీ పెట్టాను. ఇప్పుడు 88 గ్రాములు. వెనక్కి నెట్టినా కుదురుగా వస్తోంది. కప్లర్ దగ్గర ఆగాను. అసలు బాక్స్‌ఎన్ కప్లర్ ఎత్తు కిట్‌లో గుర్తించి ఉంది, అక్కడ పెడితే నా దగ్గరున్న ఇంజను కప్లర్ కన్నా బాగా పైన ఉంటోంది.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | ఆదివారం, రాత్రి 7:15

ఉంటుంది మరి. మన సెంటర్ బఫర్ కప్లర్ పట్టా మీద నుంచి ఖాళీ పెట్టెకు 1,105 మి.మీ. దాకా, నిండు పెట్టెకు కనీసం 1,030 ఉండాలి. 87తో భాగిస్తే 12.7 నుంచి 11.8. అమెరికా హెచ్‌ఓ కప్లర్ మధ్యగీత 10 మి.మీ. దగ్గర ఉంటుంది, వాళ్ల అసలు బండ్లే మనకన్నా కిందికి ఉంటాయి. మీ దగ్గర అన్నీ మన బండ్లే ఉంటే 12.5 మీద పెట్టుకోండి. విదేశీ ఇంజను లాగాలంటే కప్లర్ పెట్టెను చట్రం అడుగుకు దించి 10 దగ్గర పెట్టక తప్పదు. నేనైతే మొదటి, చివరి పెట్టెలకు ఒక వైపు మాత్రం కిందికి దించి, మధ్య పెట్టెలన్నీ అసలు ఎత్తులో పెడతాను.

---

కావలి కుంచె | కావలి | ఆదివారం, రాత్రి 8:00

ఇక నా వంతు. ఇన్నాళ్లూ చక్రాల వాళ్లు మాట్లాడారు, ఓపికగా విన్నాను.

హార్డ్‌వేరు దుకాణంలో కిటికీ గ్రిల్లులకు వేసే రెడ్ ఆక్సైడ్ డబ్బా ఉంది కదా, అదీ ఇదీ ఒకటే రంగు కదా అని చాలామంది దాన్నే పూస్తారు. రంగు ఒకటే కావచ్చు, మెత్తదనం ఒకటి కాదు. ఆ పూత మందం పదో వంతు మి.మీ. అనుకుందాం. అసలు పెట్టె మీద అది దాదాపు 9 మి.మీ. పూత. నిలువు పట్టీల అంచులు, తలుపుల కీళ్లు, రివెట్లు అన్నీ ఆ మట్టిలో కూరుకుపోతాయి. మోడళ్ల అక్రిలిక్ రంగు పలచగా రెండు మూడు పొరలు ఎయిర్‌బ్రష్‌తో వేయండి. దానికింద బూడిదరంగు ప్రైమరు ఒక పొర. ప్రైమరు వేశాక ప్రింటు గీతలు ఎక్కడ మిగిలాయో బయటపడుతుంది, అక్కడ మళ్లీ రుద్దండి.

వేళ చూసుకోండి. తెల్లవారుజామున చల్లగా ఉంది కదా అని స్ప్రే డబ్బా పట్టుకోకండి. మన తీరంలో గాలిలో తేమ అప్పుడే ఎక్కువ, పూత పాలు పోసినట్టు తెల్లబారుతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం వేస్తే రంగు పెట్టెను చేరకముందే గాలిలో ఆరిపోయి ఇసుక రేణువుల్లా పడుతుంది. ఎండ ఎక్కాక, నెత్తిమీదకు రాకముందు వేయండి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో అసలు మొదలుపెట్టవద్దు, ఆ కాలం అతికించే పనులకు ఉంచుకోండి.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే: తొట్టి, చట్రం, బోగీలు మూడింటికీ విడివిడిగా రంగు వేసి తరువాత బిగించండి. చక్రం పట్టాకు ఆనే చోటా ఆక్సిల్ మొనల మీదా రంగు పడకూడదు. డెకాల్ వేసే చోట ముందు మెరుపు వార్నిషు ఒక పొర ఉండాలి. గరుకు రంగు మీద నేరుగా వేస్తే డెకాల్ కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డెకాల్ ఆరాక మొత్తం మీద మెరుపులేని వార్నిషు.

---

మార్కాపురం పలక | మార్కాపురం | ఆదివారం, రాత్రి 8:25

మాసిన రంగుకు మా ఊరి సరుకు వాడండి. బలపాన్ని వాటర్ పేపరు మీద రుద్దితే మెత్తటి బూడిదరంగు పొడి వస్తుంది. మెత్తని కుంచెతో చట్రం మీద, బోగీల మీద అద్దితే పట్టాల దుమ్ము పట్టినట్టే ఉంటుంది. వార్నిషు ఆరాక వేయండి, మళ్లీ పైన పలచగా ఇంకో పొర కొడితే ఊడదు. వేసినదానికన్నా కాస్త తక్కువ కనబడుతుంది, దానికి తగ్గట్టు ఎక్కువ అద్దండి.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | సోమవారం, ఉదయం 6:00

బొగ్గు పెట్టె అంటే అంతా నల్లగా చేసేస్తారు చాలామంది. అలా ఉండదు. బయట గోడ ఎండకు వెలిసి ఇటుక రంగుకు దగ్గరగా ఉంటుంది. నలుపు పై అంచు నుంచి కిందికి కారిన చారల్లో, తలుపు సందుల్లో ఉంటుంది. లోపల వేరు. బొగ్గు రాసుకొని రంగు ఏనాడో పోయి ఉంటుంది. గోడ కింది సగం తుప్పు పట్టి ముదురు గోధుమ, అడుగున మూలల్లో నల్ల పొడి, టిప్లర్‌లో సరుకు జారిన దారిలో మాత్రం ఉక్కు బయటపడి మెరుస్తుంది. బొగ్గులో తేమ, గంధకం కలిసి రేకును తినేస్తాయి. అందుకే తరువాత వచ్చిన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి పెట్టారు. ఆ పెట్టె కిట్ చేసేవాళ్లు తుప్పు ఎక్కువ వేయకూడదు.

బోగీలో ఒక చిన్న విషయం. ఆక్సిల్ చివర మూతకు మూడు బోల్టులు ఉంటాయి. రోలర్ బేరింగు కాబట్టి బండి కదిలితే ఆ మూత కూడా తిరుగుతుంది, కిట్‌లో తిరగదు. కాబట్టి నాలుగు మూతల్లోనూ బోల్టులు ఒకే దిక్కున ఉండేలా అతికించకండి. ఏ యార్డులోనూ అలా ఆగవు. పాత నాలుగు చక్రాల పెట్టెల్లో ఆ చోట నూనెలో నానబెట్టిన నూలు వేస్టు కుక్కిన ఆక్సిల్ బాక్సులుండేవి. బండి రాగానే వాటి మీద చేతి వెనక భాగం ఆనించి వేడి చూసుకుంటూ రేకు పొడవునా నడిచేవాళ్లం. ఆ పెట్టెలకు బాక్సు మూత చుట్టూ నూనె మరక వేయాలి, బాక్స్‌ఎన్‌కు అక్కర్లేదు.

---

పెన్నాగట్టు | నెల్లూరు | శుక్రవారం, రాత్రి 9:40

రంగు అయింది, బలపం పొడి కూడా పట్టించాను. ఫొటోలు జతచేశాను. డెకాల్ మీద ఇచ్చిన సంఖ్య 10090412343. వేసేముందు పెద్దాయన ఒకసారి చూస్తారని ఆగాను.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | శనివారం, ఉదయం 5:45

లోపలి రంగు బాగా వచ్చింది నాయనా. మూల దగ్గర నలుపు ఇంకాస్త వేయవచ్చు.

సంఖ్య తప్పు. చెబుతాను వినండి. పెట్టె సంఖ్యలో పదకొండు అంకెలు. మొదటి రెండు పెట్టె రకం, తరువాతి రెండు జోను, ఆపై రెండు తయారైన సంవత్సరం, తరువాత నాలుగు వరుస సంఖ్య. చివరిది తనిఖీ అంకె, రాసేవాడు తప్పు రాస్తే దొరికిపోవడానికి పెట్టింది. సరి స్థానాల్లోని అంకెలు కూడండి: 0, 9, 4, 2, 4 కలిపి 19. దాన్ని మూడుతో గుణిస్తే 57. బేసి స్థానాల్లోవి 1, 0, 0, 1, 3 కలిపి 5. మొత్తం 62. దీన్ని తరువాతి పదికి, అంటే 70కి చేర్చడానికి 8 కావాలి. చివరి అంకె 8 ఉండాలి, మీ కాగితంలో 3 ఉంది.

---

ఒంగోలు గిత్త | ఒంగోలు | శనివారం, ఉదయం 8:10

87వ వంతు పెట్టె మీద ఆ అంకె ఎత్తు ఎంత? భూతద్దం పెట్టుకొని ఎవరు కూడుతారు?

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | శనివారం, ఉదయం 8:14

నేను.

---

కావలి కుంచె | కావలి | శనివారం, ఉదయం 9:00

కొత్త కాగితం కోసం ఆగకండి. డెకాల్‌లో రిటర్న్ తేదీల (మరమ్మతుకు తిరిగి రావాల్సిన తేదీల) వరుసలో 8 ఎక్కడో ఒకచోట ఉంటుంది. కొత్త బ్లేడుతో ఆ ఒక్క అంకె కత్తిరించి నీళ్లలో వదిలి, 3 కత్తిరించేసిన చోట పెట్టండి. కుంచె మొనతో జరపండి, వేలితో ముట్టుకోకండి. గీత కిందికి పైకి కాకుండా ముందే పలచని టేపు ఒకటి అడుగున అంటించి దాని మీద ఆనించండి.

---

పెన్నాగట్టు | నెల్లూరు | ఆదివారం, రాత్రి 10:05

8 అతికింది, వార్నిషు కూడా వేశాను. పెట్టె ఇంజను వెనకా నడుస్తోంది, ముందూ నడుస్తోంది. కావలి కుంచె గారూ నేనూ కలిసి ఇంకో రెండు కిట్లు తెప్పిస్తున్నాం. నా దానికి వరుస సంఖ్య 1235 అనుకుంటున్నాను, తక్కిన అంకెలు అవే. సరి స్థానాలు 20, మూడుతో గుణిస్తే 60, బేసి స్థానాలు 5, మొత్తం 65. చివరి అంకె 5 వస్తోంది. సరిచూడండి పెద్దాయనా.

---

బిట్రగుంట షెడ్డు | బిట్రగుంట | సోమవారం, ఉదయం 5:40

సరిపోయింది. వేసుకోండి. ఈసారి చక్రాలు 10.5వి పెట్టండి, రేకులో అన్ని పెట్టెలూ ఒకే రోజు పుట్టినట్టు ఉండకూడదు. కప్లర్ ఎత్తు మాత్రం మొదటి దానితో కలిపి చూశాకే బిగించండి.